కరెంటు చేపల్లో ఆడదేది, మగదేది?

ప్రశ్న: మాది కంకిపాడు దగ్గర పల్లె. ఇంటి వెనక సిమెంటు తొట్లలో రంగు చేపలు పెంచుతున్నాను. ఈమధ్య విజయవాడ షాపులో బ్లాక్ ఘోస్ట్ నైఫ్ చేపలు ఆరు కొన్నాను. ఒక్కొక్కటి నాలుగంగుళాలుంది. వీటి నుంచి పిల్లలు తీయాలని ఆశ. మూతి పొడుగ్గా ఉన్నది మగది అని షాపతను అన్నాడు. కరెంటు మోత ఎక్కువ కీచుగా ఉన్నది మగది అని యూట్యూబ్‌లో ఒకాయన చెబుతున్నాడు. ఎవరి మాట నమ్మాలి? వీటికి కరెంటు ఉందని తెలిసి తొట్లో చేయి పెట్టాలంటే మా ఇంట్లోవాళ్లకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఇంట్లోవాళ్ల భయం తీర్చండి. మన సముద్రంలో వలకు పడే తిమిరి చేపను పట్టుకుంటే చేయి తిమ్మిరెక్కుతుంది. దక్షిణ అమెరికా ఎలక్ట్రిక్ ఈల్ అయితే 600 వోల్టులకు పైగా కొడుతుంది. బ్లాక్ ఘోస్ట్ ఆ ఈల్‌కు దూరపు చుట్టమే గానీ, దీని కరెంటు మన చర్మానికి తెలియనంత కొంచెం. చీకట్లో దారి వెతుక్కోవడానికి, తోటి చేపను పలకరించడానికి మాత్రమే వాడుకుంటుంది. సెకనుకు సుమారు 1000 సార్లు, రాత్రీ పగలూ ఆపకుండా పంపుతూనే ఉంటుంది. సెకనుకు ఎన్నిసార్లు అన్నదే దాని శ్రుతి. తీగలతో స్పీకర్‌కు కలిపితే అదే మోతగా వినిపిస్తుంది.

షాపతను చెప్పిన మూతి గుర్తు బ్రౌన్ ఘోస్ట్ అనే గోధుమరంగు చేపకు, అదీ బాగా ఎదిగిన మగవాటికి కొంతవరకు పనికొస్తుంది. మీ నల్ల పిల్లలకు పనికిరాదు.

యూట్యూబ్ ఆయన మాటా ఆ బ్రౌన్ ఘోస్ట్ సంగతే. అందులో ఆడది సెకనుకు సుమారు 600 నుంచి 800 సార్లు, మగది 800 నుంచి 1000 సార్లు కరెంటు పంపుతుంది. బ్లాక్ ఘోస్ట్‌లో ఇది తిరగబడుతుంది. మగదాని శ్రుతి తక్కువ, ఆడదానిది ఎక్కువ. రెండూ ఒకే కుటుంబపు చేపలే. కానీ మగ హార్మోను ఒకదానిలో శ్రుతిని పెంచుతుంది, ఇంకోదానిలో దించుతుంది. ఆయన సూత్రం మీ తొట్టికి వర్తింపజేస్తే మగవన్నీ ఆడవిగా, ఆడవన్నీ మగవిగా లెక్కపడతాయి. బ్రౌన్ ఘోస్ట్ మగది మధ్యమధ్యలో కిచకిచమని శ్రుతి మార్చడం కూడా చాలా ఎక్కువ. మీ నల్లవాటిలో ఆడా మగా రెండూ కిచకిచలాడతాయి కాబట్టి ఆ గుర్తూ వదిలేయండి.

ఈ తేడా చేపలకు ఎంత ముఖ్యమో 1972లో అమెరికా శాస్త్రవేత్త కార్ల్ హాప్కిన్స్ రాశారు. గయానా వాగుల్లో స్టెర్నోపైగస్ అనే చేపలో మగది సెకనుకు 50 నుంచి 90, ఆడది 100 నుంచి 150 సార్లు కరెంటు పంపుతాయి. ఆడది పక్కనుంచి వెళితే మగది తన మోతను ఎగదోసి, మధ్యలో ఆపి, మళ్లీ అందుకుంటుంది. నీళ్లలోకి తీగలతో ఆడదాని శ్రుతి పంపినా సరే, అలాగే పలికింది. నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరించే సంగతి ఇది.

ఇది మీరూ వినవచ్చు. రెండు స్టీలు తీగలు తీసుకోండి. రాగి వద్దు, నీళ్లలో కరిగితే చేపకు విషం. చేపను అది దాక్కునే పీవీసీ గొట్టం ముక్కతో సహా ప్లాస్టిక్ టబ్బులోకి మార్చి, గొట్టానికి చెరో కొసన తీగ ఉంచి, చిన్న ఆంప్లిఫయర్‌కు కలపండి. ఆంప్లిఫయర్ బ్యాటరీదే ఉండాలి, ప్లగ్గుకు పెట్టేది తొట్టి దరిదాపులకు కూడా తేవద్దు. స్పీకర్లో సన్నని ఈల వినిపిస్తుంది. శ్రుతిపెట్టె కూడా అంత నిలకడగా మోగదు. చేప తోక తిప్పితే మోత పెరిగి తగ్గుతుంది గానీ స్వరం మారదు. వీణ శ్రుతి చూసుకునే మొబైల్ యాప్ పెడితే అంకె కనిపిస్తుంది.

ఒక్కో చేపనే విడిగా కొలవండి. రెండు దగ్గరగా ఉండి శ్రుతులు కలిసిపోయేలా ఉంటే పక్కకు జరుపుకుంటాయి, అంకె తప్పుతుంది. ఆరింటికీ నీటి వేడి ఒకటే ఉండాలి. ఒక్క డిగ్రీ పెరిగితే శ్రుతి సుమారు 4 శాతం పెరుగుతుంది. పొద్దున ఒకటి, మే నెల మధ్యాహ్నం ఇంకొకటి కొలిచి పోల్చితే పనంతా వృథా.

ఇంకో మాట, మీ పిల్లలు మరీ చిన్నవి. శ్రుతిలో తేడా హార్మోన్లతో వచ్చేది కాబట్టి ఇప్పుడే తేలదు. ఏ జతా కట్టకుండా ఆరింటినీ పెంచండి. చేపకో గొట్టం ఉంటే కొట్లాట తగ్గుతుంది. నెలకోసారి కొలిచి పుస్తకంలో రాసుకోండి. పెద్దయ్యేకొద్దీ అంకెలు రెండు గుంపులుగా విడిపోవడం కనిపిస్తే, కింది గుంపు మగవనుకోవచ్చు.

గుడ్ల దశ వచ్చాక నీరే అసలు సంగతి. 1970లలో జర్మనీ శాస్త్రవేత్త ఫ్రాంక్ కిర్ష్‌బామ్ ఐగెన్మానియా అనే కరెంటు చేపకు తొట్టి మట్టం పెంచి, నీటిలో లవణాలు తగ్గించి, పైనుంచి వానలా చల్లి, వానాకాలం వచ్చిందనిపించి గుడ్లు పెట్టించారు. మీ బోరు నీటి టీడీఎస్, అంటే నీటిలో కరిగిన లవణాల కొలత, చూసుకోండి. ఎక్కువుంటే వాన నీరో ఆర్వో నీరో కలుపుతూ నెమ్మదిగా తగ్గించండి. బొచ్చె, శీలావతి చెరువులకు వేసినట్టు అలవాటుగా ఉప్పు వేయకండి.

మొదటిసారి కొలిచిన ఆరు అంకెలూ, ఆనాటి నీటి వేడి, టీడీఎస్ రాసి పంపండి. వాటిని చూసి మళ్లీ ఎప్పుడు కొలవాలో చెబుతాను.