ఎన్‌ఎఫ్‌ఎల్ గ్రూపులో క్రిస్మస్‌కి ఏడిపించే గిఫ్ట్ ఇవ్వొచ్చా?

ప్రశ్న: షార్లెట్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరాను. టీమ్‌లో వాళ్ళు తమ ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) వాట్సాప్ గ్రూపులో నన్నూ కలిపారు. ఆదివారం వచ్చిందంటే ఒకరినొకరు ఏడిపించుకోవడమే పని. ఇప్పుడు సీక్రెట్ శాంటా అంటున్నారు, అంటే చీటీలో ఎవరి పేరొస్తే వాళ్ళకి గిఫ్ట్ ఇవ్వాలి. బడ్జెట్ 25 డాలర్ల లోపు, 'సరదాగా ఉండాలి' అన్నది షరతు. నాకు ఆట సగమే అర్థమవుతుంది. ఏడిపించే గిఫ్ట్ ఇవ్వొచ్చా, లేక మర్యాదగా ఏదో ఒకటి కొనేసి ఊరుకోవాలా?

జవాబు:

ఇవ్వొచ్చు. సరదాగా ఉండాలని వాళ్ళే చెప్పాక కొవ్వొత్తో కాఫీ మగ్గో పట్టుకెళ్తే ఎవరూ ఏమీ అనరు గానీ, అది ఎవరిచ్చారో కూడా ఎవరికీ గుర్తుండదు. కాకపోతే ఏడిపించడం అయిపోయాక కూడా ఆ వస్తువు వాళ్ళింట్లో దేనికో ఒకదానికి పనికి రావాలి. మా గ్రూపులో ఏళ్ళ తరబడి చూశాక నాకు అర్థమైంది ఇదే.

మాది బీటెక్ బ్యాచ్ గ్రూపు. ఎంఎస్‌కని వచ్చి ఎవడు ఏ ఊళ్ళో చదివితే ఆ ఊరి జట్టు వాడికి అంటుకుంది. బఫలోలో చదివినవాడు బిల్స్ వైపు, అట్లాంటావాడు ఫాల్కన్స్ వైపు, మిల్వాకీలో చదివినవాడు గ్రీన్ బే ప్యాకర్స్ వైపు. నేను డాలస్ కాబట్టి కౌబాయ్స్. వీళ్ళు కాక మా ఆఫీసు నుంచి ఒకాయన ఉన్నాడు, పుట్టిపెరిగింది ఫిలడెల్ఫియా, ఈగిల్స్ అంటే ప్రాణం. మాకోసమే వాట్సాప్ పెట్టుకున్నాడు. సినిమా ఒక్కటీ చూడకుండానే బ్రహ్మానందం స్టికర్లు మాకంటే బాగా వాడతాడు, ఎక్కడ ఏ మొహం పెట్టాలో ఆయనకు తెలిసినంతగా మాకు తెలీదు.

కౌబాయ్స్ అభిమాని పరిస్థితి ఏమిటో తెలీకపోతే, 2025కి ముందు ఆర్సీబీ అభిమానిని ఊహించుకోండి. ప్రతి సెప్టెంబర్‌లో ఈ ఏడాది మాదే అంటాం, జనవరికల్లా నోరు మూసుకుంటాం. ఐదు సూపర్ బౌల్స్ (లీగ్ ఫైనల్స్) గెలిచిన జట్టే. ఐదోది 1996 జనవరి 28న వచ్చింది. ఆ తర్వాత సూపర్ బౌల్ మాట అటుంచి, దానికి ముందు మ్యాచ్ దాకా కూడా ఒక్కసారీ వెళ్ళలేదు. పైగా 1966 నుంచి నవంబర్ నాలుగో గురువారం వచ్చే థాంక్స్‌గివింగ్ పండక్కి దాదాపు ప్రతి ఏడాదీ డాలస్‌లో మ్యాచ్ ఉంటుంది కాబట్టి, ఇంట్లో చుట్టాల ముందు కూర్చుని మరీ ఫోన్‌లో తిట్లు తినాలి. మేము సీక్రెట్ శాంటా చీటీలు తీసేది కూడా ఆ రాత్రే.

2023 క్రిస్మస్‌కి నా పేరు ఫిలడెల్ఫియా ఆయనకు వచ్చింది. ఆయన ఇచ్చింది 1996 నాటి గోడ క్యాలెండర్, అసలైన పాతది, ఎక్కడో ఆన్‌లైన్‌లో వెతికి పట్టుకున్నాడు. జనవరి 28 చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రంగా గీసి, 'నీ జట్టు ఆగిపోయిన చోటి నుంచి మొదలుపెట్టు' అని రాశాడు. అసలు తెలివంతా ఇంకో చోట ఉంది. 1996, 2024 రెండూ సోమవారంతో మొదలైన లీపు సంవత్సరాలే. ఏ తేదీకి ఏ వారమో అచ్చంగా సరిపోతుంది. ఈస్టర్ ఒక్కటే తప్పు, థాంక్స్‌గివింగ్ కూడా కరెక్టే. మా ఆవిడకి ఈ గొడవలేవీ పట్టవు. గళ్ళు పెద్దవిగా ఉన్నాయని వంటింట్లో తగిలించి, పిల్లల డాక్టర్ అపాయింట్‌మెంట్లు, చెత్తబండి వచ్చే రోజులు, ఉగాది, వినాయకచవితి అన్నీ చేత్తో రాసుకుని ఏడాదంతా వాడింది. మా గ్రూపులో ఇంతవరకు దాన్ని మించిన గిఫ్ట్ రాలేదు. ఖర్చు కూడా పెద్దగా అయి ఉండదు.

ఆ క్యాలెండర్‌లో జనవరి 14 గడిలో ఆవిడ 'భోగి' అని రాసింది. ఆ ఆదివారమే కౌబాయ్స్‌కీ ప్యాకర్స్‌కీ ప్లేఆఫ్ మ్యాచ్. ఆ సీజన్‌లో సొంత మైదానంలో ఒక్కటీ ఓడని జట్టు మాది. వాళ్ళేమో ప్లేఆఫ్స్‌లో ఆఖరి స్థానంలో దూరినవాళ్ళు. హాఫ్‌టైమ్ కాకముందే 27-0. చివరికి 48-32తో ఓడాం. మా ప్యాకర్స్ వాడు భోగి మంట వీడియో పెట్టి, "పాత సామాన్లు వెయ్యాలి కదా మామా, ఆ జెర్సీ కూడా పడెయ్" అన్నాడు. నేను గ్రూపు మ్యూట్‌లో పెట్టి పడుకున్నాను. మర్నాడు చూస్తే నాకే నవ్వొచ్చింది, మా ఆవిడకి కూడా చూపించాను. మెసేజ్‌కి ఆ వెసులుబాటు ఉంది, మ్యూట్ చేసి మర్నాడు చూసుకోవచ్చు. గిఫ్ట్‌ని అలా కాదు, అందరూ చూస్తుండగా విప్పి, నవ్వి, థాంక్స్ చెప్పాలి. అందుకే ఓటమి పచ్చిగా ఉన్న వారంలో దాని మీద గిఫ్ట్ వద్దు. పాత ఓటమి అయితే నిక్షేపంగా పనికొస్తుంది.

పాతదైనా సరే, దాని మీద ముందు వాడే జోక్ వేసి ఉండాలి. మీకు ఆట సగమే తెలుసన్నారు కదా, ఇక్కడ ఆట తెలియక్కర్లేదు. గ్రూపు తెరిచి, మీ చీటీలో వచ్చిన మనిషి జట్టు పేరు సెర్చ్‌లో కొట్టండి. తన జట్టు మీద తనే ఏమేం అనుకున్నాడో వరసగా కనిపిస్తుంది. మీకు సరుకు అక్కడే దొరుకుతుంది.

మా బఫలో బావ సంగతే చూడండి (అసలు చుట్టరికం ఏమీ లేదు, అందరికీ బావే). బిల్స్ 1991 నుంచి 1994 దాకా వరసగా నాలుగు సూపర్ బౌల్స్ ఆడి నాలుగూ ఓడిన జట్టు, చివరి రెండూ మా కౌబాయ్స్ చేతిలోనే. దాని మీద ఎంత అన్నా ఆయనకు పట్టదు. అప్పటికి ఆయన గుంటూరులో నిక్కర్లు వేసుకుని తిరుగుతున్నాడు. కానీ 2022 జనవరిలో కాన్సస్ సిటీ చీఫ్స్‌తో ఆడిన మ్యాచ్ అలా కాదు. 13 సెకన్లు మిగిలి ఉండగా బిల్స్ మూడు పాయింట్ల ముందున్నారు. ఆ 13 సెకన్లలోనే చీఫ్స్ స్కోరు సమం చేసి, ఓవర్‌టైమ్‌లో 42-36తో గెలిచారు. కొన్నాళ్ళు గ్రూపులో ఎవరూ ఆ ఊసెత్తలేదు. తర్వాత ఒకరోజు ఆయనే, "రెండు నిమిషాల్లో వస్తా, ఈలోపు చీఫ్స్ ఎన్నిసార్లు గెలుస్తారో చూసుకోండి" అని రాశాడు. గేటు తెరిచినట్టే. ఆ డిసెంబర్‌లో ఆయనకొచ్చిన గిఫ్ట్ వంటింటి టైమర్, 13 సెకన్లకు పెట్టి ప్యాక్ చేశారు. ఇప్పటికీ వాళ్ళింట్లో కుక్కర్ పక్కన ఉంటుంది.

తర్వాత ఒక ఏడాది బావ ఉద్యోగం పోయింది. హెచ్-1బీ వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే కొత్తది చూసుకోవడానికి ఉండే 60 రోజుల గడువు సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు గానీ గ్రూపులో గడియారం జోకులు ఆగిపోయాయి. గిఫ్ట్ బడ్జెట్ పది డాలర్లకు దించుదామని ఒకడన్నాడు, ఎందుకని ఎవరూ అడగలేదు. ఉద్యోగం దొరికాక 13 సెకన్ల స్టికర్ మళ్ళీ మొదట పెట్టింది ఆయనే. జట్టు మీద ఎంతైనా అనండి. వీసా, జీతం, పెళ్ళి సంబంధాలు, బరువు మాత్రం గిఫ్టుల్లోకి రానివ్వకండి. మన వాళ్ళ గ్రూపుల్లో ఈ చివరి రెండింటి మీదే చేతులు దురద పెడుతుంటాయి, అందుకే చెప్తున్నా.

అలా అని ఆట అంతా నవ్వులాటే కాదు. 2023 జనవరి 2 రాత్రి సిన్సినాటిలో బిల్స్ ఆటగాడు డామర్ హామ్లిన్ ఒక టాకిల్ చేసి (ప్రత్యర్థిని పట్టుకుని ఆపి) లేచి నిలబడి, వెంటనే కుప్పకూలాడు. గుండె ఆగింది. వయసు 24. మైదానంలోనే సీపీఆర్ చేశారు, మ్యాచ్ ఆపేశారు. అప్పటిదాకా మోగిపోతున్న మా గ్రూపులో ఒక్క మాట లేదు. కాసేపటికి అట్లాంటావాడు ఒక లింక్ పెట్టాడు. హామ్లిన్ 2020లో తన ఊరి పిల్లలకు క్రిస్మస్ బొమ్మలు కొనడానికి 2,500 డాలర్లు లక్ష్యంగా పెట్టుకున్న విరాళాల పేజీ అది. ఆ రాత్రి నుంచి దేశమంతా, ఏ జట్టు అభిమానులనే తేడా లేకుండా దాంట్లో వేశారు. మొత్తం 80 లక్షల డాలర్లు దాటింది. మావాళ్ళూ తలా కొంత వేశారు. హామ్లిన్ కోలుకుని అదే ఏడాది మళ్ళీ మైదానంలోకి దిగాడు.

బిల్స్ అభిమానులకు ఈ అలవాటు ముందు నుంచీ ఉంది. 2017 ఆఖరి రోజున సిన్సినాటి క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ఆటగాడు) ఆండీ డాల్టన్ చివరి క్షణాల్లో వేసిన పాస్‌తో బాల్టిమోర్ ఓడిపోవడం వల్ల బిల్స్‌కి 17 ఏళ్ళ తర్వాత ప్లేఆఫ్ దక్కింది. వీళ్ళంతా డాల్టన్ ఫౌండేషన్‌కి 17 డాలర్ల చొప్పున పంపడం మొదలుపెట్టారు. మేము ఆ పద్ధతిని మా గిఫ్టుల్లోకి లాక్కున్నాం. ఏం కొనాలో తోచకపోతే ఆ మనిషి పేరు మీద ఏదైనా ఫుడ్ బ్యాంక్‌కి డబ్బు పంపుతాం, కానీ మొత్తం మాత్రం అతన్ని ఏడిపించేదిగా ఉండాలి. అట్లాంటావాడి పేరు మీద ఎప్పుడూ 28 డాలర్ల 3 సెంట్లు వెళ్తాయి. 2017 సూపర్ బౌల్‌లో ఫాల్కన్స్ 28-3తో ముందుండి ఓడిపోయారు మరి. మీ బడ్జెట్‌కి మూడు డాలర్లు ఎక్కువే అవుతుంది. అయినా షార్లెట్, అట్లాంటా జట్లు ఒకే డివిజన్‌లో ఏటా తలపడే ప్రత్యర్థులు కాబట్టి మీ గ్రూపులో ఎవరూ కాదనరు.

ఫిలడెల్ఫియా ఆయనకి నేనిచ్చింది గుడ్డతో చేసిన స్నోబాల్స్ డబ్బా, పిల్లలు ఇంట్లో విసురుకోవడానికి అమ్ముతారు. 1968 డిసెంబర్ 15న ఈగిల్స్ చెత్త సీజన్ చివరి మ్యాచ్‌లో, శాంటా వేషంలో మైదానంలోకి వచ్చిన కుర్రాడి మీద వాళ్ళ ప్రేక్షకులే మంచు ముద్దలు విసిరారు. దేశమంతా ఇప్పటికీ ఆ ఊరిని దానితోనే ఏడిపిస్తుంది. ఆయన డబ్బా విప్పగానే ఏమీ మాట్లాడకుండా మొదటిది నా మొహాన కొట్టాడు.

ప్యాకర్స్ వాడిది మరీ సులువు. గ్రీన్ బే జట్టుకి ఒక యజమాని లేడు, అభిమానులే షేర్‌హోల్డర్లు. 2021 చివర్లో షేర్ 300 డాలర్లకు అమ్మినప్పుడు మావాడు ఒకటి కొన్నాడు. డివిడెండ్ రాదు, మార్కెట్లో అమ్ముకోలేడు, విలువ పెరగదు. ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టుకున్నాడు. వాళ్ళ నాన్నగారు ఊరి నుంచి వచ్చినప్పుడు చూసి, "ఈ డబ్బుతో చిట్టీ వేసినా బాగుండేదిరా" అన్నారట. అప్పటి నుంచి వాడి పేరు ఎవరికి వచ్చినా అసలు గిఫ్ట్‌తో పాటు కవర్లో ఒక డాలర్ నోటు పెట్టి, పైన 'డివిడెండ్' అని రాసిస్తారు.

జెర్సీ జోలికి మాత్రం వెళ్ళకండి. అసలైనది మీ బడ్జెట్‌లో రాదు, వందకు పైనే. నకిలీదైతే చూడగానే తెలిసిపోతుంది. ఏదైనా సరే, ఆటగాడు జట్టులో ఉంటాడన్న నమ్మకం లేదు. మా బావమరిది ఒక క్రిస్మస్‌కి మైకా పార్సన్స్ పేరున్న కౌబాయ్స్ జెర్సీ కొనిచ్చాడు. 2025 ఆగస్టులో పార్సన్స్‌ని తీసుకెళ్ళి ఆ ప్యాకర్స్‌కే ఇచ్చేశారు. కొనే తీరాలనుకుంటే ఎప్పుడో రిటైరైన ఎమిట్ స్మిత్ లాంటి వాళ్ళది కొనాలి, వాళ్ళెక్కడికీ పోరు. మీకైతే జట్టు రంగుల్లో ఉన్ని టోపీ చాలు. సైజు గొడవ లేదు, చలికి వాడతారు, గిఫ్ట్ రసీదు అడిగితే ధర లేకుండా విడిగా ఇస్తారు, దాన్ని డబ్బాలో పెట్టండి. ఏడిపించేది పైన అంటించే కాగితం మీద రాయొచ్చు.

ఇంకో సంగతి. ఇదంతా చేసే ముందు మీ జట్టేదో గ్రూపులో చెప్పేయండి. ఏ జట్టూ లేనివాడు అందరినీ ఏడిపిస్తే ఒళ్ళు మండుతుంది, తిరిగి కొట్టడానికి వాళ్ళకి ఏమీ ఉండదు కదా. ఉన్నది షార్లెట్‌లోనే కాబట్టి పాంథర్స్ అనేయండి. రెండు సూపర్ బౌల్స్ ఆడి రెండూ ఓడారు. 2023లో పదిహేడు మ్యాచ్‌ల్లో రెండే గెలిచి లీగ్‌లో అట్టడుగున నిలిచారు, దానికి ఊరటగా రావాల్సిన మొదటి డ్రాఫ్ట్ పిక్‌ని (కొత్త ఆటగాళ్ళలో అందరికంటే ముందు ఎంచుకునే అవకాశాన్ని) కూడా అంతకుముందే చికాగోకి ఇచ్చేసుకున్నారు. ఆ ఒక్క మాట చెప్పాక చీటీలో మీ పేరు ఎవరికి వచ్చినా, ఏం కొనాలా అని వాళ్ళు ఆలోచించాల్సిన పనే ఉండదు.