పాదరసం కలిపినా డీఎన్ఏ కరిగే ఉష్ణోగ్రత మారట్లేదా? ముందు బఫర్ చూడండి

టీ-టీ మిస్‌మ్యాచ్ (రెండు పోగుల్లోనూ ఎదురెదురుగా థైమిన్ బేసే ఉండటం) ఉన్న డీఎన్ఏకి మెర్క్యూరిక్ క్లోరైడ్ అనే పాదరస లవణం కలిపితే కరిగే ఉష్ణోగ్రత (రెండు పోగులూ విడిపోయే ఉష్ణోగ్రత) పెరగాలి కదా, నాకు కదలడమే లేదు అన్నారు. డీఎన్ఏ పాడైందేమోనని టెన్షన్ పడకండి. మీరు రాసిన బఫర్‌లోనే (పీహెచ్‌ని నిలకడగా ఉంచే ద్రావణంలోనే) ఉంది తిరకాసు: సెలైన్ (ఉప్పు నీళ్లు), లోహ అయాన్లని పట్టుకునే ఈడీటీఏ, పైగా గంధకం ఉన్న డీటీటీ.

పాదరస అయాన్ థైమిన్‌లోని ఎన్3 అనే నైట్రోజన్ దగ్గరున్న ప్రోటాన్‌ని తోసేసి ఆ చోట కూర్చుంటుంది. అవతలి పోగులోని థైమిన్‌తోనూ అంతే. ఆ రెంటి మధ్య పాదరసం వంతెనలా నిలుస్తుంది, అసలు జతకట్టని టీ-టీ గట్టి జత అయిపోతుంది. అలాంటి ఒక్క జతతోనే కరిగే ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీలు పెరగొచ్చు. డీఎన్ఏ మెలిక ఆకారం మాత్రం దాదాపు మామూలుగా ఉండే బి రూపంలోనే ఉంటుంది.

కానీ డీటీటీలోని గంధకం కనపడితే పాదరసం థైమిన్ వైపు చూడను కూడా చూడదు. ఈడీటీఏ కూడా దాన్ని లాగేసుకుంటుంది. సెలైన్‌లోని క్లోరైడ్ ఎక్కువైనా ఇబ్బందే.

ఒలిగోని (మీ పొట్టి డీఎన్ఏ పోగుని) టీఈలో (ట్రిస్, ఈడీటీఏ కలిసిన బఫర్‌లో) కాకుండా శుభ్రమైన నీళ్లలో కరిగించండి. మాప్స్ బఫర్, పీహెచ్ 7 దగ్గర, ఉప్పుకి బదులు సోడియం నైట్రేట్, పాదరసం కూడా నైట్రేట్ రూపంలో. ట్రిస్ వద్దు, దాని అమీన్ కూడా పాదరసాన్ని పట్టుకుంటుంది. ఉష్ణోగ్రత పెరిగాక కొంచెం సిస్టీన్ (గంధకం ఉన్న అమైనో ఆమ్లం) వేసి చూడండి. మళ్లీ పాత విలువకి దిగితే అది పాదరసం పనే.

వాడిన ద్రావణాన్ని మాత్రం సింక్‌లో పోయకండి, విడిగా సీసాలో పెట్టండి.