చిన్నోడికి చెప్పావా?

బుజ్జీ,

నిన్న రాత్రి వదిన ఫోన్ చేసింది. రొయ్యల చెరువులు లీజుకు ఇవ్వవంట, ఈ పంట నుంచి నువ్వే చూసుకుంటావంట. విని ముందు నవ్వొచ్చింది. మా అన్న కూతురు గట్టు మీద కూర్చుని మేత లెక్క రాయడం, చెక్ ట్రే ఎత్తి రొయ్య తిన్నదీ లేనిదీ చూడడం! మీ తాత ఉంటే ఊరంతా చెప్పుకునేవాడు. ఆ తర్వాత వదిన రెండో మాట చెప్పింది. జూన్‌లో చిన్నోడిని నెల్లూరు హాస్టల్లో వేస్తావని. వాడికి ఇంకా ఆరు నిండలేదు. దాంతో రాత్రంతా నిద్ర లేదు. ఫోన్లో అయితే నువ్వు ఏడుస్తావు, నీతో పాటు నేనూ ఏడుస్తా, చెప్పాల్సింది మిగిలిపోతుంది. అందుకే రాస్తున్నా.

కాగితాల సంగతి ముందు చెప్పేస్తా. మీ ఆయన మరణ ధ్రువపత్రం పది కాపీలు తీసిపెట్టుకో, అది అడగని ఆఫీసు లేదు. ఆయన బ్యాంకు పాస్‌బుక్కులో 436 రూపాయలు కోసిన లైను ఉందేమో చూడు. ఉంటే అది ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమా, 2 లక్షలు రావాలి. చాలా ఇళ్లల్లో ఆ లైను ఎవరి కంటా పడదు. మేత కొట్టు బాకీలు నోటిమాట మీద ఒప్పుకోకు, చీటీ చూపించమను. చదవకుండా దేని మీదా సంతకం పెట్టకు.

ఆకలి లేకపోయినా పూటకి ఇంత మజ్జిగన్నం తిను. గాజులు, బొట్టు నీ ఇష్టం. మీ మామయ్య పోయి పదకొండు రోజులు కాగానే నేను బొట్టు పెట్టుకుని ఆసుపత్రి వార్డుకు పోయాను. నోళ్లు లేచాయి, కొన్నాళ్లకు వాటికే విసుగొచ్చింది.

ఇప్పుడు స్కూటీ సంగతి. రాత్రి నీళ్లకు గాలి కొట్టే ఏరేటర్ ఆగిందని కాపలా అతను ఫోన్ చేస్తాడు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, గంట ఆలస్యమైతే రొయ్యలు తేలిపోతాయి, నాకు తెలుసు. అయినా సరే, చీకట్లో నువ్వు హైవే దాటి విడవలూరు వైపు పోకూడదు. చెరువు దగ్గరే ఉండే మనిషికి జనరేటర్ వేయడం నేర్పించు. జీతం ఇంకో రెండు వేలు అడిగితే ఇవ్వు. ఆ రెండు వేలు నేను పంపిస్తా. పోయిన పంట మళ్లీ వస్తుంది. నేను అతిగా భయపడుతున్నానని మీ నాన్న అంటాడు. అననీ. మీ మామయ్యని పొట్టన పెట్టుకుంది ఆ రోడ్డే. అప్పట్లో దాని నంబరు 5, ఇప్పుడు 16. నంబరు మార్చినంత మాత్రాన నాకు వేరే రోడ్డు అయిపోతుందా?

ఎవరో నీకు వాట్సాప్‌లో దుఃఖానికి ఐదు దశలని పంపారంట. నువ్వేమో ఇంకా మొదటి దశలోనే ఉన్నానని బాధపడుతున్నావంట. పిచ్చిదానా, అవి 1969లో కూబ్లర్ రాస్ అనే డాక్టరమ్మ రాసినవి. చావు దగ్గరపడిందని తెలిసిన రోగులతో మాట్లాడి రాసింది. మిగిలిపోయినవాళ్లకి పెట్టిన పరీక్ష కాదు. నాకు ఏ దశలూ వరసగా రాలేదు. బాగానే ఉన్నానని అనుకున్న రోజున బియ్యం కొలుస్తూ మూడో గ్లాసు కూడా పోసేదాన్ని. పోశాక గుర్తొచ్చేది. అట్లా ఎనిమిది నెలలు. మీ ఆయన మీద కోపం వస్తే రానీ. ఛాతీలో మంటని వారం నుంచి అంటూ డాక్టరు దగ్గరికి పోని మనిషి మీద కోపం రాకుండా ఎట్లా ఉంటుంది? చొక్కాలు ఇచ్చేయమని అందరూ తొందరపెడతారు. ఇవ్వకు. బీరువాలో ఉంటే ఎవరికి అడ్డం?

అసలు విషయానికి వస్తున్నా. ఇది ఎవరికీ రాయలేదు నేను.

మామయ్య పోయింది 1996 శివరాత్రి వెళ్లిన నాలుగో రోజు. మీ బావకి ఏడేళ్లు. ఆసుపత్రిలో అప్పటికి నాది పన్నెండేళ్ల సర్వీసు. పిల్లల వార్డులో తల్లిదండ్రులకి కబురు ఎట్లా చెప్పాలో జూనియర్లకి నేర్పించింది నేనే. అదే నేను, మా ఇంటి దాకా వచ్చేసరికి పిల్లోడిని రాత్రికి రాత్రి పొదలకూరులో మా అమ్మ దగ్గరికి పంపేశా. దహనానికి లేడు, పెద్దకర్మకి లేడు. నెలకి తెచ్చుకున్నాక నాన్నేడని అడిగితే మద్రాసులో పనికి పోయాడని చెప్పా. చెన్నై అని పేరు మారింది ఆ ఏడాదే, మా ఇంట్లో మాత్రం మద్రాసే ఉండిపోయింది.

మర్నాడు చెబుదామనుకున్నా. బడి తెరిచాక, పరీక్షలయ్యాక అనుకుంటూ ఏడాది తిరిగింది. 1997లో మొహర్రం ఎండాకాలంలో వచ్చింది, బడికి సెలవులు. సొంతింటి రొట్టె తీసుకుందామని వాడిని రొట్టెల పండక్కి తీసుకుపోయా. స్వర్ణాల చెరువులో మోకాటి లోతు నీళ్లు, ఇసక వేస్తే రాలని జనం. కోరిక తీరినవాళ్లు చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె అని అరుస్తూ, కోరుకునేవాళ్లకి ఇస్తున్నారు. వాడు నా చెయ్యి విడిపించుకుని ఒక్కొక్కరినీ అడుగుతూ పోయాడు, "మద్రాసు నుంచి నాన్న వచ్చే రొట్టె ఉందా?" అని.

ఒక ముసలామె ఆరోగ్య రొట్టె పట్టుకుని ఉంది. వాడి ప్రశ్న విని నా వైపు చూసింది. నేను నీళ్లలోకి చూశా. ఆమెకి అర్థమైంది. రొట్టె తుంచి వాడి నోట్లో పెట్టింది. వాడు ముక్క కూడా కింద పడనీయకుండా తిన్నాడు. తోవ పొడుగునా, "వచ్చే ఏడాది మనం రొట్టె చేసుకుని రావాలమ్మా, మర్చిపోకు" అంటూనే ఉన్నాడు. అప్పుడైనా చెప్పొచ్చు. రిక్షా ఎక్కించి ఐస్‌ఫ్రూట్ కొనిపెట్టా.

మరుసటేడు పోదాం రమ్మంటే, "నేను రాను. మనం ఇచ్చేది లేదు గదా" అన్నాడు. తొమ్మిదేళ్లు. వాడికి తెలిసిపోయిందని నాకు అర్థమైంది. నాకు అర్థమైందని వాడికీ తెలిసింది. ఇద్దరం అన్నం తిని పడుకున్నాం. పదో తరగతి పరీక్ష ఫారంలో తండ్రి పేరుకి ముందు "లేట్" అని వాడే రాసుకొచ్చి, సంతకం పెట్టమ్మా అన్నాడు. పెట్టా. ఆ ఇంట్లో ఆ మాట పలికింది ఆ కాగితం ఒక్కటే.

అక్కడితో పోయిందనుకున్నా. వాడికి కూతురు పుట్టాక, ఒక రాత్రి పాపని ఎత్తుకుని నిలబడి అన్నాడు, "ఆ రోజు బిస్కెట్లు తెమ్మని ఏడ్చింది నేనే గదమ్మా." ముప్ఫై ఒక్క ఏళ్లవాడు, బుజ్జీ. ఆ పొద్దున మామయ్య లూనా తీసింది కరెంటు బిల్లు కట్టడానికి. ఆ చిన్న ముక్క వాడికి చెప్పే మనిషి ఇంట్లో లేకపోయింది. ఎందుకంటే మామయ్య మద్రాసులో ఉన్నాడు.

ఇప్పటికీ వాడు ఊరెళ్తున్నా అనడు. "గురువారం ఏడింటికి వస్తా" అంటాడు. ఏడున్నర అయితే ముందే ఫోన్ చేస్తాడు.

చిన్నోడికి నాన్న ఆసుపత్రిలో ఉన్నాడని చెప్పారంట గదా. మూడు నెలలుగా! వాడికి నువ్వే చెప్పు, నీ నోటితోనే చెప్పు. చనిపోయాడు అనే చెప్పు. నిద్రపోయాడంటే రాత్రిళ్లు పడుకోవడానికి భయపడతాడు, దేవుడు తీసుకుపోయాడంటే నిన్నూ తీసుకుపోతాడేమోనని చూస్తాడు. గుండె ఆగిపోయింది, ఇంక తినడు, నడవడు, రాడు అని చెప్పు. నీ వల్ల కాదు అని వాడు అడగకపోయినా చెప్పు. విని బంతి తీసుకుని ఆడుకోవడానికి పోవచ్చు, రాయి అనుకోకు. సాయంత్రం మళ్లీ నాన్నెప్పుడొస్తాడని అడుగుతాడు. ఆ వయసుకి చావు తిరిగిరానిదని ఒక్కసారికి ఎక్కదు. అడిగినప్పుడల్లా అదే చెప్పు. పక్క తడిపితే తిట్టకు. నువ్వు ఏడ్చినా పర్వాలేదు, వాడు చూడనీ.

హాస్టల్ సంగతి తప్పో ఒప్పో నేను తేల్చలేను, చెరువులూ పిల్లోడూ ఒంటి చేత్తో కష్టమే. కానీ ఈ ఏడాదికి వద్దు. మొన్న నాన్న పోయె, ఇప్పుడు ఇల్లూ పోతే వాడు దేన్ని పట్టుకుంటాడు? కావాలంటే నేనొచ్చి ఉంటా. నా మోకాళ్లు చెరువు గట్టుకి పనికిరావు గానీ బడి దగ్గరికి పనికొస్తాయి.

రాత్రి ఎప్పుడైనా ఇంక బతకడం ఎందుకనిపిస్తే నాకు చెయ్యి. నేను ఎత్తకపోతే 14416కి చెయ్యి. టెలి మానస్ అని ప్రభుత్వానిది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. సిగ్గుపడకు.

ఆదివారం కావలి బస్సుకి వస్తున్నా, ఊరగాయ తెస్తా. అప్పటిదాకా హాస్టల్‌కి అడ్వాన్స్ కట్టకు. పొద్దున తొమ్మిదిన్నరకి దిగుతానని చిన్నోడికి చెప్పు. టైముతో సహా చెప్పు.

మీ అత్త