జొన్న పేనుబంక ఆపిల్ చెట్టెక్కుతుందా?

చిరంజీవి శ్రీనుకు పెదనాన్న ఆశీస్సులు.

జొన్న చేలో రసం పీల్చే పేనుబంక పురుగు కమ్ముకున్నదనీ, పేనుబంక ఆపిల్‌కూ గడ్డిజాతి పైర్లకూ మధ్య వలసపోతుందని ఎక్కడో చదివావనీ, అది పక్కనున్న ఆపిల్ మొక్కలకు పాకకముందే చేనుకూ తోటకూ కలిపి ఒకే మందు కొట్టించాలనుకుంటున్నావనీ రాశావు. డబ్బా మూత తీయక ముందు ఈ ఉత్తరం పూర్తిగా చదువు.

జొన్న ఆకు అడుగున గుంపులు కట్టే పసుపు రంగు పేనుబంక జొన్న, చెరకు వంటి పైర్లను వదిలి ఆపిల్ మీద బతకదు. సుడిలో, అంటే నడిమి లేత ఆకుల చుట్టలో, కనిపించే నీలి ఆకుపచ్చ రకం కూడా మొక్కజొన్న, జొన్న, బార్లీల వంటి గడ్డిజాతి పైర్లదే. ఐరోపాలో చలికాలం ఆపిల్ కొమ్మ మీద గుడ్డుగా గడిపి, వేసవికి గడ్డిజాతి మొక్కలకు వలసపోయే పేనుబంక ఒకటి ఉన్నది. నీవు చదివింది బహుశా దాని గురించే. మన జొన్న పేనుబంకకు ఆ రాకపోకలు లేవు.

ముందు చేను సంగతి. ఆడ పేనుబంక మగదానితో పని లేకుండానే పిల్లలను కంటుంది, ఆ పిల్ల వారం పది రోజుల్లో తానూ తల్లి అవుతుంది. అందుకే నిన్న లేనిది ఈరోజు ఆకు నిండా కనిపించి మనిషిని కంగారు పెడుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అలాగే కంగారుపడి, పేనుబంకను తినే అక్షింతల పురుగులు నిండుగా ఉన్న చేనుకు మందు కొట్టమని ఒక రైతుకు చెప్పాను. మందుకు ముందు చచ్చింది అక్షింతల పురుగులు. మిగిలిన పేనుబంక రెండు వారాల్లో అంతకు రెట్టింపై తిరిగి వచ్చింది, ఆ రైతు నన్ను ఏమీ అనలేదు గానీ మళ్ళీ సలహా అడగలేదు.

కాబట్టి ఉదయం పూట చేలో నాలుగు మూలలా తిరిగి, ఇరవై మొక్కల ఆకులు తిప్పి చూడు. అక్షింతల పురుగులూ, చిన్న మొసలి ఆకారంలో నల్లగా ఉండే వాటి పిల్లలూ, సన్న కందిరీగ పిల్ల లోపల పెరిగి చంపగా గోధుమ రంగుకు తిరిగి ఉబ్బి కదలకుండా పడి ఉన్న పేనుబంకలూ దండిగా ఉంటే వారం ఆగు. అవి కరవై, పురుగు వదిలే తీపి బంక కారి ఆకు మీద మసి పడుతుంటే అయిదు శాతం వేప గింజల కషాయం ఆకు అడుగు తడిసేలా సాయంత్రం కొట్టించు. మసి పట్టిన చొప్పను పశువు ముట్టదు, నీకున్న ఎడ్లకు ఆ చొప్పే ఆధారం. అప్పటికీ లొంగకపోతేనే లీటరు నీటికి రెండు మిల్లీలీటర్ల డైమిథోయేట్. అయితే పచ్చిగా తినే పండ్లపై ఆ మందు వాడరాదని కేంద్ర ప్రభుత్వం 2023లో ఉత్తర్వు ఇచ్చింది, అందుచేత తోట వైపు ఆ తుంపర పోకూడదు, ఆ పంపును కడగకుండా తోటలో దించకూడదు.

తోటలో చూడవలసింది వేరే పురుగు. చిగురాకులు ముడుచుకుని, చీమలు ఎక్కుతూ దిగుతూ ఉంటే అది పచ్చ పేనుబంక; నీవి ఇంకా చిన్న మొక్కలే కాబట్టి చిగుళ్ళు తుంచి, నీటి ధారతో కడిగితే చాలు. నాకు దిగులు కలిగించేది దూది పేనుబంక. కత్తిరింపు గాయాల దగ్గర, బెరడు పగుళ్ళలో తెల్లటి దూది అంటించినట్టు ఉంటుంది, వేలితో నలిపితే ఎర్రటి రసం వస్తుంది, చెట్టు వేళ్ళ మీద కణుతులు లేపుతుంది. అది పక్క చేను నుంచి రాదు, కొన్న మొక్కతో వస్తుంది. 1889లో మన దేశంలో నీలగిరుల్లోని కూనూరులో అది మొదట కనిపించింది కూడా విదేశీ మొక్కల పుణ్యమే. మన ఎండలకు అది నిలుస్తుందో లేదో తేల్చే పరీక్ష నీ తోటలో జరగనక్కర లేదు.

హెచ్‌ఆర్‌ఎమ్‌ఎన్-99 అని రకం పేరు మాత్రమే రాశావు, కింద వేళ్ళనిచ్చే ఏ వేరు మొక్కకు అంటు కట్టారో రాయలేదు. ఎమ్‌ఎమ్-106, ఎమ్‌ఎమ్-111 వేరు మొక్కలను దూది పేనుబంకను తట్టుకునేలాగే తయారు చేశారు. పొట్టి రకమైన ఎమ్-9కు ఆ శక్తి లేదు. ఈ చలికాలపు కత్తిరింపులో ప్రతి గాయాన్నీ పరిశీలించు. దూది కనిపిస్తే గట్టి బ్రష్షుతో రుద్ది తీసివేసి, కత్తిరించిన కొమ్మలను గట్టున పడేయక కాల్చివేయి. వచ్చే ఏడు ఇంకా మొక్కలు తెప్పిస్తానన్నావు. బండి దిగగానే మొక్కల వేళ్ళు కడిగి చూడకుండా ఒక్కటీ గుంతలో పెట్టవద్దు.

ఇరవై మొక్కల లెక్క చూసి నాకు ఆదివారం ఫోను చెయ్యి. మందు సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.

మీ పెదనాన్న