బేరింగ్ మార్చినా మోత పోవట్లేదా?

ప్రశ్న: మా కారుకి ఇరవై ఏళ్లు దాటాయి. ముందు కుడి చక్రం దగ్గర గుయ్యిమని మోత వస్తుంటే బేరింగ్ మార్పించాను, కొన్నాళ్లు బానే ఉంది, మళ్లీ మొదలైంది. ఇప్పుడొచ్చే బేరింగులే అంతండీ అంటున్నాడు మెకానిక్. నిజమేనా? మధ్యమధ్యలో గ్రీజు పెట్టిస్తే ఎక్కువ కాలం వస్తాయా?

జవాబు: డూప్లికేట్ సరుకు లేదని అనను, డబ్బాతో సహా అచ్చుగుద్దినట్టు చేస్తున్నారు, ఎస్‌కెఎఫ్ లాంటి కంపెనీ అసలుదో కాదో చూసుకోడానికి ఆథెంటికేట్ అని ఒక యాప్ పెట్టిందంటే చూడండి. కానీ నేనైతే ముందు ఫిట్టింగునే అనుమానిస్తా.

దానికంటే ముందు మోత బేరింగుదేనా అన్నది తేల్చుకోండి. బండి నడుస్తుండగా స్టీరింగ్ ఎడమకి తిప్పితే బరువు ఎక్కువగా కుడివైపు పడుతుంది, అప్పుడు మోత పెరిగితే కుడి బేరింగే. ఎటు తిప్పినా తేడా లేకపోతే టైరు మీద చేత్తో నిమిరి చూడండి, ఎగుడుదిగుడుగా తగిలితే ముందు టైరు వెనక్కి మార్చి చూడండి, మోత కూడా వెనక్కి పోయిందంటే బేరింగు జోలికి వెళ్లక్కర్లేదు.

బేరింగే అని తేలితే, ఈసారి విప్పిన పాతదాన్ని పారేయనివ్వకండి. తెరిపించి, కిరోసిన్‌తో కడిగించి, రేసుని, అంటే బాల్స్ తిరిగే రింగుని, వెలుతురులో పెట్టి చూడండి. బాల్స్ మధ్య ఎంత ఎడముంటుందో సరిగ్గా అంతంత దూరంలో చిన్నచిన్న గుంటలుంటే, ఎక్కించేటప్పుడు సుత్తితో బాదారన్నమాట, లేదంటే నకిల్‌లోకి, అంటే బేరింగ్ కూర్చునే ఇనుప భాగంలోకి, నొక్కేటప్పుడు బయటి రేసు మీద కాకుండా లోపలి రేసు మీద ప్రెస్ పెట్టారు, ఆ దెబ్బంతా బాల్స్ మీద పడుతుంది, ఎంత మంచి కంపెనీది వేసినా దక్కదు. ఎర్రగా తుప్పుంటే సీల్‌లోంచి, అంటే బేరింగ్ పక్కనుండే మూతలోంచి, లోపలికి నీళ్లు పోయాయి. నీలం రంగు తిరిగితే బాగా వేడెక్కింది. బయటి రేసు వీపు రాసుకుపోయి మెరుస్తుంటే నకిల్ లోపలే అరిగి బేరింగ్ తిరిగిపోతోంది, పాత బండ్లలో ఇది చూడాల్సిందే, కొందరు పంచ్‌తో గాట్లు పెట్టి టైట్ చేసేస్తామంటారు, ఒప్పుకోకండి, నకిల్ మార్చాల్సిందే.

కొత్తది వేసేటప్పుడు సర్‌క్లిప్ (బేరింగ్ జారకుండా పట్టే రింగు), యాక్సిల్ నట్టు కూడా కొత్తవే తీసుకోండి. నట్టు ఎయిర్ గన్‌తో కాదు, ఎంత బిగువో కొలిచి చూపే టార్క్ రెంచ్‌తో మాన్యువల్లో ఉన్న లెక్కకి బిగించాలి, అది అయ్యేదాకా బండి బరువు ఆ చక్రం మీద వేయకూడదు. మీ దానికి ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు పట్టేయకుండా చూసే ఏర్పాటు) ఉండి, సీల్‌లోనే మాగ్నెట్ ఉన్న రకమైతే ఆ మాగ్నెట్ ఉన్న వైపు చక్రం వేగం చూసే సెన్సర్ వైపే ఉండాలి, తిరగేస్తే డాష్‌లో లైటు వెలుగుతూనే ఉంటుంది.

గ్రీజు సంగతంటారా, సీల్డ్ బేరింగుకి పెట్టేది లేదు, పెడతామని సీల్ ఊడదీస్తే ఉన్నదీ పోతుంది. బాల్స్ బదులు ఒకవైపు సన్నగా ఉండే టేపర్ రోలర్ల బేరింగులు విడిగా వచ్చే పాత రకం హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) అయితే పెట్టొచ్చు, కాకపోతే పాత గ్రీజంతా కడిగి ఆరాకే కొత్తది రోలర్ల మధ్యకి దట్టించాలి, వేరే రకంతో కలపొద్దు, నట్టు చక్రం తిప్పుతూ బిగించి తర్వాత కాస్త వదలాలి.