డీసీఎస్ అనే యుద్ధ విమానాల కంప్యూటర్ గేమ్‌లో మిసైల్ వదిలిన ప్రతిసారీ నేనూ ఎందుకు కూలిపోతున్నాను?

ఎఫ్-16 విమానంలో ఏఐఎం-120 అనే రాడార్ మిసైల్ వదిలాక మీరు ముక్కుసూటిగా శత్రువు మీదికే వెళ్తున్నారు, అసలు తప్పు అదే.

వదలగానే పక్కకు తిరగండి, కానీ పూర్తిగా కాదు. ఎఫ్-16 రాడార్ అటూ ఇటూ 60 డిగ్రీల వరకే చూస్తుంది కాబట్టి 50 దగ్గర ఆగి, శత్రువు గుర్తును రాడార్ స్క్రీన్ అంచున నిలబెట్టుకుని మెల్లగా కిందికి దిగుతుంటే, మీ మిసైల్‌కి సమాచారం అందుతూనే ఉంటుంది, అవతలివాడి మిసైల్‌కి మాత్రం దారి పొడవవుతుంది. మిసైల్ మోటార్ మండేది కొన్ని సెకన్లే, ఆ తర్వాత అది ఇంద్రకీలాద్రి పైనుంచి విసిరిన రాయి లాంటిదే, ఉన్న వేగంతోనే పోవాలి. కింద గాలి చిక్కన, ఆ వేగం ఇట్టే తగ్గిపోతుంది.

మీ మిసైల్ సొంత రాడార్ ఆన్ అయిందా, ఇక దానికి మీ రాడార్ అక్కర్లేదు, వెనక్కి తిరిగి పారిపోండి.

ఆలస్యమైపోతే నాచ్, అంటే శత్రువు రాడార్‌కి అడ్డంగా ఎగిరి కనబడకుండా పోవడం, ఒక్కటే దారి. దగ్గరికొచ్చే వేగాన్ని బట్టే రాడార్ విమానాన్ని నేల నుంచి విడదీసి చూస్తుంది. బందరు రోడ్డు మీద ఎదురొచ్చే బస్సు వేరు, మీ ముందు అడ్డంగా రోడ్డు దాటే మనిషి వేరు కదా, మీరు ఆ మనిషిలా శత్రువుకి సరిగ్గా 90 డిగ్రీల్లో అడ్డంగా, వాడికంటే కిందుగా ఎగిరితే నేలలో కలిసిపోతారు. రాడార్‌ని తికమక పెట్టే రేకు ముక్కలు, అంటే చాఫ్, వదలాల్సింది కూడా అప్పుడే. విజయవాడలో మా తమ్ముడికి నేర్పేటప్పుడు ఒకటే చెప్పాను: టెన్షన్‌లో బయటికి చూడకు, ఏ రాడార్ ఏ దిక్కు నుంచి చూస్తోందో చూపే వార్నింగ్ డయల్‌లో మిసైల్ గుర్తు మూడు గంటల దగ్గరో తొమ్మిది గంటల దగ్గరో కదలకుండా ఉండేలా స్టిక్ పట్టుకో. పది డిగ్రీలు తేడా వచ్చినా మళ్లీ దొరికిపోతాం.