పచ్చికలో కూర్చుంటే పాట వినిపిస్తుందా?

ప్రశ్న: చికాగోలో చదువుకుంటున్నాం. మిలీనియం పార్కులో వేసవి ఉచిత కచేరీకి ఆరుగురు స్నేహితులం వెళ్లాలనుకుంటున్నాం. ముందు సీట్లు దొరకకపోతే వెళ్లడం దండగేనా?

జవాబు: దండగ కానే కాదు. అక్కడ వేసవి కచేరీలు జరిపే గ్రాంట్ పార్క్ మ్యూజిక్ ఫెస్టివల్ 1935 నుంచీ ఉచితంగానే నడుస్తోంది. మిలీనియం పార్కులోని ఆరుబయలు వేదిక ప్రిట్జ్‌కర్ పెవిలియన్‌లో సుమారు 4,000 కుర్చీలు, వెనక పచ్చికలో మరో 7,000 మందికి చోటు ఉన్నాయి. వేదికకు దగ్గరి వరసలు సభ్యత్వం ఉన్నవాళ్లవి. మిగతా కుర్చీలు ముందొచ్చిన వాళ్లవి.

పచ్చిక మీదుగా ఉన్న ఉక్కు కమానులకు స్పీకర్లు వేలాడుతుంటాయి. వేదిక నుంచి శబ్దం గాలిలో అక్కడికి చేరడానికి క్షణంలో కొంత భాగం పడుతుంది. అంత మేరా వాటి శబ్దాన్ని ఆపి వదులుతారు. అందుకే వెనకున్నా పాట వేదిక నుంచే వస్తున్నట్టు ఉంటుంది. అయితే ఆ కమానుల కిందే కూర్చోండి, పక్కలకు పోతే ఆ సుఖం తగ్గుతుంది.

కనీసం గంటన్నర ముందు ఇద్దరు వెళ్లి చోటు పట్టండి. ఆరుగురికి రెండు డబుల్ దుప్పట్లు కావాలి. కింద ప్లాస్టిక్ పట్టా తప్పనిసరి, వాన పడిన మర్నాడు కూడా నేల చెమ్మగానే ఉంటుంది. ఎత్తు కుర్చీలు మాత్రం వద్దు, వెనకవాళ్లకు వేదిక కనబడదు. తిండికి చింతపండు పులిహోర మేలు. పెరుగన్నం ఎండకు పులిసిపోతుంది. చీకటి పడ్డాక సరస్సు గాలి చలి పుట్టిస్తుంది, తలా ఒక స్వెట్టర్ ఉండాలి. జనం ఎక్కువైతే ఫోన్లు కలవవు, కలుసుకునే చోటు ముందే అనుకోండి. ఉరుములు వినబడితే కచేరీ ఆపుతారేమోనని చూడకుండా లేచి ఏదైనా భవనంలోకి వెళ్లండి.